రమ్మీ ఆటలో రక్షణ - ఒక సంభావ్యతా పాఠం

ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం తరగతిలో సంభావ్యత అధ్యాయం ప్రారంభించిన రోజున నల్లబల్ల మీద ఒక లెక్క వ్రాశాను. 52 పేకముక్కల కట్ట నుండి ఒక ముక్కను తీస్తే అది ఇస్పేటు రాజు కాగల సంభావ్యత ఎంత అన్నది ప్రశ్న. తరగతిలో సగం మంది చకచకా చేసేశారు. ముందు వరుసలో కూర్చునే ఒక విద్యార్థిని మాత్రం కలం మూసి కూర్చున్నది. కారణం అడిగితే, "సార్, మా ఇంట్లో పత్తాలు ఉండవు. ఇస్పేటు అంటే ఏమిటో, అవి ఎన్ని ఉంటాయో నాకు తెలియదు" అన్నది. తెలివిలో ఆమె ఎవరికీ తీసిపోదు. జూదం నిషిద్ధమని నమ్మే కుటుంబాలలో పత్తాల కట్ట ఉండకపోవడం సహజం, గౌరవనీయం కూడా. అయినా పాఠ్యపుస్తకం ఆ కట్ట అందరి ఇళ్లలోనూ ఉన్నట్లే లెక్కలు అడుగుతుంది. ఆనాడు ఆ విద్యార్థినికి ఇచ్చిన మాట ప్రకారం వ్రాస్తున్న పాఠమిది. పేకాట పేరు చూసి మన కళాశాల కమిటీ పెద్దలు నొచ్చుకోకుండా చివరి వరకు చదవగలరని మనవి.

మొదట పరిచయం. కోస్తా జిల్లాలలో పేక అనేదానిని మన తెలంగాణలో పత్తాలు అంటాము. కట్టలో 4 రంగులు, రంగుకు 13 ముక్కలు. తెలుగులో ఆ రంగులు ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో అవే వరుసగా హుకుం, పాన్, ఈంట్, చిడీ. ఈ మాటలలో ఒక చిన్న చరిత్ర దాగి ఉన్నట్లు నాకు తోస్తుంది. మన కళావరుకు డచ్చి భాషలోని పేరు క్లావర్. 17వ శతాబ్దం ఆరంభంలోనే డచ్చివారు మచిలీపట్నంలో వర్తకశాల పెట్టుకున్నారన్న సంగతి ఈ పోలిక చూసినప్పుడల్లా నాకు గుర్తుకు వస్తుంది. ప్రతి రంగులోను ఆసు, 2 నుండి 10 వరకు అంకెలు, ఆపైన జాకీ, రాణి, రాజు. ఇంతే. ఇంట్లో కట్ట లేనివారు నోటుపుస్తకం కాగితాలను చీటీలుగా కత్తిరించి ఈ పేర్లు వ్రాసుకుంటే సరిపోతుంది. మా తరగతిలో ఆ పనే చేశాము.

పదమూడు ముక్కల రమ్మీకి రెండు కట్టలు, వాటితోబాటు రెండు అచ్చు జోకర్లు, వెరసి 106 చీటీలు కావాలి. ఒక్కొక్కరికి 13 పంచి, మరొక ముక్కను తిప్పి అడుగున పెడతారు. ఆ అంకె గల ముక్కలన్నీ ఆ ఆటకు జోకర్లు. ప్రతి ఆటగాడు తన వంతు వచ్చినప్పుడు మూసిన కట్ట నుండి గాని, ముందువాడు పారవేసిన ముక్కను గాని ఒకటి తీసుకొని, చేతిలోనిది ఒకటి పారవేస్తాడు. చేతిలోని 13 ముక్కలను వరుసలుగా, సెట్టులుగా ముందుగా కూర్చినవాడు షో చెబుతాడు. ఒకే రంగులో వెంట వెంట వచ్చే మూడు ముక్కలు వరుస, ఒకే అంకెవి వేరు వేరు రంగులలో మూడు ఉంటే సెట్టు. జోకరు సాయం లేని సహజమైన వరుస ఒకటైనా తప్పనిసరి. దానిని ఆటగాళ్లు లైఫ్ అంటారు. మరొక వరుస కూడా ఉండాలి, దానిలో జోకరు ఉండవచ్చు. ఓడినవారికి చేతిలో కూడని ముక్కల విలువలను కూడి లెక్క వేస్తారు. ఆసు, రాజు, రాణి, జాకీ, 10 ముక్కలకు తలా 10, మిగిలినవాటికి వాటి అంకె, జోకరుకు సున్న. ఎంత చెడ్డ చేతికైనా 80కి మించి వేయరు. లైఫ్ లేనివాడికి అన్ని ముక్కలూ లెక్కకు వస్తాయి. రెండవ వరుస లేనివాడికి లైఫ్ ఒక్కటే మినహాయింపు. ఇంటింటికీ కొద్ది తేడాలు ఉన్నా, ఈ వ్యాసానికి ఈ నియమాలు చాలు.

ఇక అసలు విషయానికి వస్తాను. కొత్తగా ఆట నేర్చినవారందరూ ఎలా గెలవాలి అని అడుగుతారు. నాకు ఆట నేర్పిన మా మేనమామ ఆ ప్రశ్నను చెవిని పెట్టేవాడు కాదు. ఆయన రైల్వే ఉద్యోగి. సెలవు రోజున లాలాగూడ క్వార్టర్స్ వరండాలో చాప పరచి ఆట మొదలుపెట్టేవాడు. డబ్బు మాట అక్కడ లేదు, ఓడినవాడు ముక్కలు కలిపి పంచాలి, అంతే శిక్ష. ఎదుటివాడు నాలుగో వంతుకో ఐదో వంతుకో షో చెప్పేసరికి నేను రాజులను, రాణులను గుత్తిగా పట్టుకొని బిత్తరపోయి ఉండేవాడిని. "ఒరేయ్, వాడికి ముక్కలు పడ్డాయి, వాడు గెలిచాడు. అది నీ చేతిలో లేదు. ఎనభై ఎందుకు ఇచ్చావు? నలభైతో పోయేది గదా!" అని ఆయన విసుక్కునేవాడు. ఆ విసుగులోని గణితం నాకు అర్థం కావడానికి డిగ్రీ పూర్తి కావలసి వచ్చింది.

ముందుగా సగటు చూద్దాము. ఒక కట్టలో 10 విలువ గల ముక్కలు రంగుకు 5 చొప్పున 20, రెండు కట్టలలో 40, వాటి విలువ 400. 2 నుండి 9 వరకు అంకెల మొత్తం 44. అటువంటి వరుసలు 8 గనుక వాటి విలువ 352. వెరసి 752. జోకర్లుగా మారి సున్న అయ్యేవాటిని సగటున తీసివేస్తే, 13 ముక్కల చేతి విలువ పంచిన క్షణంలో సుమారు 86 వస్తుంది. అనగా సామాన్యమైన చేయి ఆట మొదలు కాకముందే 80 అనే గరిష్ఠ దండనను దాటి ఉన్నది. జోకర్లు ఆదుకుంటాయని అనుకుంటామా? అడుగున పెట్టినదానిని మినహాయిస్తే మిగిలిన 105 ముక్కలలో జోకర్లు 9. మీకు పంచిన 13లో ఒక్కటీ లేకపోయే సంభావ్యత సుమారు 0.29. నూరు చేతులలో దాదాపు 29 జోకరు లేనివే. కాబట్టి ఎదుటివాడు తొందరగా దూసుకు వస్తాడన్న ఊహతోనే ప్రతి చేతిని ఎత్తి చూడాలి. అతడు నెమ్మదిగా ఆడితే మంచిదే.

ఒక చేతిని పరిశీలిద్దాము. జోకరు 7. మీకు వచ్చినవి: ఇస్పేటు రాజు, రాణి, 3, ఆఠీను ఆసు, 4, 5, డైమను రాజు, 10, 6, కళావరు జాకీ, 8, 9, 2. మొత్తం 97. జోకరు లేదు, లైఫ్ లేదు. కొత్త ఆటగాడి కన్ను ముందుగా ఇస్పేటు రాజు, రాణి జంట మీద పడుతుంది. ఆ జంటకు జాకీ గాని ఆసు గాని కావాలి, రెండేసి చొప్పున 4 ముక్కలు. ఆఠీను 4, 5 జంటకు 3 గాని 6 గాని కావాలి, అవీ 4 ముక్కలే. రెండు జంటలూ కూడే అవకాశం సమానం. కూడకపోతే చెల్లించవలసింది మాత్రం మొదటిదానికి 20, రెండవదానికి 9. అవకాశం ఒకటే అయినప్పుడు ఎక్కువ అద్దె గల ఇంట్లో ఉండడమెందుకు?

ఇప్పుడు కట్ట నుండి వరుసగా డైమను 3, ఆఠీను 6, ఇస్పేటు 5, డైమను 2, ఇస్పేటు 4 వచ్చాయనుకుందాము. ఐదవ వంతు ముగిసిన వెంటనే ఎదుటివాడు షో చెప్పాడు. గెలుపును ఆశించిన ఆటగాడు ఆఠీను 6ను ఉంచుకొని 4, 5, 6 లైఫ్ కట్టాడు. పెద్ద ముక్కలను వదలలేక కళావరు 2ను, వచ్చిన చిన్న ముక్కలను పారవేశాడు. అతని చేతిలో రాజులు ఇద్దరు, రాణి, ఆసు, జాకీ, 10 అలాగే ఉన్నాయి. వాటికి 60, మిగిలిన 8, 9, 3, 6 ముక్కలకు 26, వెరసి 86. అతనికి పడేది 80. రక్షణ తెలిసిన ఆటగాడు అవే ముక్కలు తీశాడు, కాని వరుసగా ఆసును, డైమను రాజును, 10ని, ఇస్పేటు రాజును, రాణిని వదిలివేశాడు. అతని చేతిలో ఆఠీను 4, 5, 6 లైఫ్, ఇస్పేటు 3, 4, 5 రెండవ వరుస. మిగిలినవి కళావరు జాకీ, 8, 9, 2, డైమను 6, 3, 2. మొత్తం 40. ఇద్దరూ ఓడారు. ఇద్దరికీ పంచిన ముక్కలు, తీసిన ముక్కలు ఒకటే. ఒకరు ఇచ్చింది 80, మరొకరు 40. ఈ 40 తేడాలో అదృష్టానికి భాగం లేదు. జాకీని ఎందుకు ఉంచాడని మీరు అడగవచ్చు. కళావరు 8, 9 పక్కన జాకీ ఉంటే ఒక్క 10 రాగానే నాలుగు ముక్కల వరుస కూడుతుంది. పెద్ద ముక్కలలో నిలుపుకొనడానికి న్యాయమైన కారణం గలది అదొక్కటే. అది రాలేదు, సరే.

నిజానికి డ్రాప్ సదుపాయం ఉన్న ఆటలో అయితే ఈ చేతిని ఎత్తిన వెంటనే దించివేయడం ఉత్తమం. 101 ఆటలో మొదటే తప్పుకుంటే 20, మధ్యలో తప్పుకుంటే 40. ఎప్పుడు తప్పుకోవాలి అన్నదానికి మామయ్య దగ్గర సూత్రం లేదు, అలవాటు మాత్రమే ఉండేది. సూత్రం ఇలా ఉంటుంది. గెలిచే సంభావ్యత ప అనుకోండి, ఓడితే సగటున ఇచ్చే అంకె న అనుకోండి. ఆడినందువల్ల సగటు నష్టం (1 - ప) ను న చేత గుణించగా వచ్చేది. అది 20 కన్న తక్కువైతేనే ఆడాలి. ఓడినప్పుడు సగటున 40 ఇచ్చే ఆటగాడు ఆడాలంటే అతని గెలుపు అవకాశం సగానికి మించి ఉండాలి. ఆరుగురు కూర్చున్న చాప మీద అది దాదాపు అసాధ్యం. 30 ఇచ్చేవాడికి మూడింట ఒక వంతు దాటితే చాలు. 25 ఇచ్చేవాడికి ఐదింట ఒక వంతు దాటితే చాలు. అనగా ఓటమిని కుదించుకొనగలిగినవాడికి మరెన్నో చేతులు ఆడదగినవిగా మారుతాయి. రక్షణను పిరికితనమని ఎగతాళి చేసేవారు ఈ మూడు అంకెలను ఒకసారి కాగితం మీద వేసి చూడాలి.

పెద్ద ముక్కలను ముందుగా వదలడానికి మరొక కారణం కలదు. మొదటి రెండు వంతులలో ఎవరి చేయి ఏ దారిన పోతున్నదో వారికే తెలియదు. అప్పుడు పారవేసిన రాజు చాలావరకు నిరపాయం. అదే రాజు ఆరవ వంతులో ఎవరి కోసమో ఎదురుచూస్తున్న కొరతను తీరుస్తుంది. అయితే ఇది గుడ్డిగా పాటించదగినది కాదు. అందరూ పెద్దవాటినే వదులుతారని తెలిసిన జిత్తులమారి ఒకడు వాటినే ఏరుకుంటూ ఉంటాడు. మీ తరువాతి ఆటగాడు మీరు వేసిన ఆఠీను ఆసును తీసుకున్నాడా? ఇక ఆఠీను రాజు, రాణి, మిగిలిన ఆసులు మీ చేతి నుండి కదలకూడదు.

ఇక్కడే జ్ఞాపకశక్తి పని మొదలవుతుంది. ప్రతి ముక్క రెండే రెండు. మీరు ఇస్పేటు 5, 6 పట్టుకొని 4 కోసమో 7 కోసమో చూస్తున్నారు. రెండు 7లూ పారవేయబడడం మీరు చూసి ఉంటే, 4 ముక్కల ఆశ 2 ముక్కలకు దిగింది. గుర్తుంచుకోనివాడు లేని ముక్క కోసం చివరి వరకు ఎదురుచూస్తాడు. పట్టుకోవడంలోను తేడా కలదు. 6, 8 జంటకు 7 ఒక్కటే గతి, 2 ముక్కలు. ఆసు, 2 జంటకు 3 ఒక్కటే, అవీ 2. ఇస్పేటు 6, ఇస్పేటు 7, ఆఠీను 7 అనే త్రయానికి మాత్రం ఇస్పేటు 5, 8, డైమను 7, కళావరు 7 ఏవి వచ్చినా సరే, 8 ముక్కలు. 7 జోకరు కాని ఆటలో ఇంతకన్న మంచి మూడు ముక్కలు దొరకడం కష్టం. జోకరుకు పక్క అంకెలను పారవేయడం కొంత క్షేమం అంటారు, అందులో నిజమున్నది. 7 జోకరైనప్పుడు 6, 8 ముక్కలతో సహజమైన వరుస కట్టేవారు అరుదు, ఎందుకంటే 7 చేతికి చిక్కినవాడు దానిని మరొక చోట జోకరుగా వాడుకుంటాడు.

దూకుడు గల ఆటగాడిని గుర్తించడం కష్టం కాదు. అతడు పారవేసిన ముక్కలను రెండు మూడు మార్లు తీసుకుంటాడు, చేతిలో ముక్కలు అటూ ఇటూ సర్దుకోవడం ఆపేస్తాడు, మూసిన కట్ట నుండి తీసిన ముక్కను చూసీ చూడగానే పారవేస్తాడు. పారవేసిన ముక్కను తీసుకోవడమంటే తన చేతిలోని రహస్యాన్ని అందరి ఎదుట చదివి వినిపించడమే. ఆఠీను 8 తీసుకున్నవాడికి ఆఠీను 6, 7, 9, 10 గాని, వేరే రంగు 8 గాని ఇవ్వకూడదు. ఇటువంటివాడు కనబడిన క్షణం నుండి మీ లక్ష్యం గెలుపు కాదు. లైఫ్ లేకపోతే దానిని కట్టడం, ఉంటే రెండవ వరుస, ఆపైన విలువ తగ్గించడం. సెట్టు ముచ్చట ఆ తరువాతనే. లైఫ్ లేని చేతిలో మూడు రాజుల సెట్టు ఉన్నా అది 30 అంకెల బరువే.

మన సికింద్రాబాదు నగరం ఈ ఆట విషయంలో దేశమంతటికీ ఒక తీర్పును ఇచ్చిందని చాలామంది విద్యార్థులకు తెలియదు. 1963 మే నెలలో ఇక్కడి క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేశారు. లోపల కొందరు పందెం మీద రమ్మీ ఆడుతున్నారు. నిజాం ప్రభుత్వ కాలంలో 1305 ఫసలీలో వచ్చిన హైదరాబాదు జూద చట్టం కింద కేసు నడిచింది. మేజిస్ట్రేటు కోర్టులో శిక్ష పడింది, హైకోర్టులో అది రద్దయింది. రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1967 నవంబరు 22న ఆ అప్పీలును త్రోసిపుచ్చుతూ జస్టిస్ హిదాయతుల్లా తీర్పు వ్రాశారు. ఆయనే మరుసటి సంవత్సరం భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు, ఆ పదవిని అలంకరించిన తొలి ముస్లిం ఆయన. న్యాయవాదులు నేటికీ దీనిని సత్యనారాయణ కేసు అని ఉదహరిస్తారు.

ఆ తీర్పులో మన పాఠానికి కావలసిన విషయం ఒకటి కలదు. మూడు ముక్కలాట కేవలం అదృష్టమని, రమ్మీ అటువంటిది కాదని, ప్రధానంగా నైపుణ్యం గల ఆట అని న్యాయస్థానం తేల్చింది. అందుకు చెప్పిన కారణాలేమిటి? పడిన ముక్కలను గుర్తుంచుకోవడం, ఏది ఉంచుకోవాలి, ఏది పారవేయాలి అన్న నిర్ణయం. ముక్కలు కలిపి పంచే ప్రతి ఆటలోను అదృష్టం ఉంటుందని, అంతమాత్రాన అది జూదం కాదని కూడా అన్నారు. పైన మనం చూసిన 40, 80 తేడా సరిగ్గా ఈ కారణాల నుండే పుట్టింది. ఎదుటివాడికి పడే మంచి ముక్కలను ఆపే శక్తి ఎవరికీ లేదు. ఆటను నైపుణ్యం కిందికి తెచ్చేది చాలావరకు ఓడేవాడి రక్షణే అని నా అభిప్రాయం.

అయితే ఆ తీర్పు అడ్డు అదుపు లేని అనుమతి కాదు. రమ్మీని గాని మరే ఆటను గాని పందెం మీద ఆడించి ఇంటి యజమాని లేదా క్లబ్బు లాభం గడిస్తుంటే నేరం నిలుస్తుందని అందులోనే ఉన్నది. ఆ భాగాన్ని ఎవరూ గుర్తు చేసుకోరు. తరువాతి కాలంలో ఆట చాప మీద నుండి చేతిఫోనులోకి దిగింది. తెలంగాణ 2017లో తన గేమింగ్ చట్టాన్ని సవరించి ఫోనులో పందెం మీద ఆడే రమ్మీని నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే దారి పట్టింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం, నైపుణ్యం ఉన్నా లేకున్నా, డబ్బు పెట్టి అంతర్జాలంలో ఆడే ఆటలన్నింటినీ నిషేధిత వర్గంలో చేర్చింది. నా వద్ద చదువుకున్న ఒక యువకుడు పరీక్ష ఫీజు కోసం ఇంట్లో ఇచ్చిన సొమ్మును ఫోనులోని రమ్మీలో పోగొట్టుకొని నా దగ్గరకు వచ్చాడు. ఆట బాగా తెలిసినవాడే. ఎక్కడ తప్పు చేశావని అడిగితే, ఒక్క చేతిలోనూ పెద్ద తప్పు చేయలేదని చెప్పాడు. నేను నమ్మాను. చాప మీద నలుగురి ముఖాలు తెలుసు, భోజనానికి పిలుపు వస్తే ఆట ఆగుతుంది. ఫోనులో ఎదుట ఎవరున్నారో తెలియదు, చేయి ముగిసిన మరుక్షణం మరొక చేయి వస్తుంది, ప్రతి ఆటకూ నిర్వాహకునికి వాటా పోతుంది. వాటా తీసివేసిన తరువాత, సమానమైన నేర్పు గల ఆటగాళ్లందరి సగటూ నష్టమే. మన (1 - ప) సూత్రంలో ఆ వాటాకు చోటు లేదు, దానిని చేర్చి చూడమని ఆ యువకుడికే లెక్క ఇచ్చాను. చేసి తెచ్చాడు.

చీటీలు కత్తిరించుకున్న విద్యార్థులకు ఒక అభ్యాసం. జోకరు 4. మీ తరువాతి ఆటగాడు రెండు వంతుల కిందట ఆఠీను 8ను, ఇప్పుడు ఆఠీను 10ని తీసుకున్నాడు. మొదటి వంతులో ఎవరో వేసిన డైమను రాజును ఎవరూ ముట్టలేదు. మీకు లైఫ్ కలదు, రెండవ వరుస లేదు. పారవేయడానికి ఆఠీను 9, ఇస్పేటు 8, కళావరు 3, డైమను రాజు మీ ముందున్నాయి. మొదటి రెంటిని ఎందుకు వేయకూడదో ఒక్కొక్క వాక్యంలో వ్రాయండి. మిగిలిన రెంటిలో ఏది వేస్తారో, ఆ ముక్క అతనికి పనికివచ్చే మార్గాలు ఎన్నో లెక్కించి కారణం చూపండి. ఆనాడు కలం మూసి కూర్చున్న విద్యార్థిని డైమను రాజు అన్నది. ఆమె పక్కన కూర్చున్న అమ్మాయి కళావరు 3 అన్నది. ఇద్దరి లెక్కలూ నా బల్ల సొరుగులో ఉన్నాయి, కావలసినవారు స్టాఫు గదికి వచ్చి చూడవచ్చు.